దూడ ఎదుగుదల: జాతి ఎంత, తల్లి ఎంత?

దసరా సెలవుల్లో ఇంటికెళితే మా పాకలో రెండు దూడలున్నాయి. రెండింటి తండ్రీ ఊరి ఆబోతే. వారం తేడాలో పుట్టాయి. ఒకటి గంతులేస్తోంది, రెండోదానికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. "దాని జాతే అంత" అన్నాడు తాత. నిజమేనా? సైన్సు సారుని అడిగి రాస్తున్నాను.

మాంసం కోసం పశువులు పెంచే బ్రెజిల్‌లో ఎక్కువగా ఉండేది నెలోర్ జాతి. అది మన ఒంగోలు జాతే! ఓడల్లో వెళ్ళి నెల్లూరు పేరు పెట్టుకుంది. అలాంటి మందల్లో పాలు పితకరు. దూడ ఏడెనిమిది నెలలు తల్లి వెంట తిరిగి పాలన్నీ తాగుతుంది, తర్వాత తూకం వేస్తారు.

అయితే తూకం చూసి ఆబోతుని మెచ్చుకోకూడదు. ముందు వయసు సమానం చెయ్యాలి. పుట్టినప్పుడు 30 కిలోలున్న దూడ 200 రోజులకి 170 కిలోలైతే, రోజుకి 0.7 కిలో పెరిగినట్టు. 205 రోజులకి 173.5 కిలోలని లెక్క. తొలిచూలు ఆవు దూడ తేలిగ్గా ఉంటుంది, పెయ్య కన్నా కోడెదూడ బరువు. వీటినీ సవరించి, ఒకే కాలంలో ఒకే పచ్చికలో పెరిగినవాటినే పోల్చాలి. అప్పటికీ తేడాల్లో సుమారు నాలుగో వంతే దూడ సొంత జన్యువుల వల్ల వచ్చేది.

తల్లి సంగతి గుర్రాల మీద తేలింది. పెద్ద షైర్ జాతిని, పొట్టి షెట్లాండ్ జాతిని కేంబ్రిడ్జిలో వాల్టన్, హామండ్ అనే శాస్త్రవేత్తలు కృత్రిమంగా సంకరం చేసి, 1938లో ఫలితం ప్రకటించారు. ఎటు చూసినా జన్యువులు సగం సగమే. అయినా షైర్ తల్లికి పుట్టిన పిల్ల, షెట్లాండ్ తల్లికి పుట్టినదానికి సుమారు మూడు రెట్లుంది! కడుపులో చోటు, తిండి అంత పని చేశాయి.

పాలూ అంతే. ఎన్ని పాలివ్వాలన్నది కొంతవరకు ఆవు జన్యువుల్లో ఉంటుంది. దూడకి మాత్రం అది పరిసరమే. (ఈ మాట నాకు రెండుసార్లు చదివితేగానీ ఎక్కలేదు.)

ఇక మా బక్క దూడ. దాని తల్లిది తొలిచూలు. ముర్రుపాలతో మేం జున్ను కాచుకున్నాం. ఆ పాలల్లోని రోగనిరోధక పదార్థాలు పుట్టిన మొదటి గంటల్లోనే దూడ రక్తంలోకి బాగా వెళ్తాయి, ఒక రోజు దాటితే పేగు వాటిని లోపలికి పోనివ్వదు. తర్వాత రెండు పూటలా పితికి టీకొట్టుకి పోశాం. ఆ డబ్బుతోనే నా పెట్టె, దుప్పటి కొన్నారు. కాబట్టి తాతని ఒక్కడినే అనడానికి లేదు.

బయల్దేరే ముందు నట్టల మందు పట్టించాం. సాయంత్రం పాలు దూడకే వదలమన్నాను. తాత సరేనని అనలేదు, కాదనీ అనలేదు. దాని రొమ్ము చుట్టూ తాడు పెట్టి కొలిచి, ముడేసి, చూరులో దోపి వచ్చాను. సంక్రాంతికి వెళ్ళి మళ్ళీ కొలవాలి.