పెద్దవారి ఫోనుకు తక్కువ ఖర్చు రీచార్జి: ఎన్నుకొనే విధానం

మన పాల సంఘాల సభ్యుల ఇండ్లలో ఇప్పుడు తరచుగా కనిపించే పరిస్థితి ఒకటి ఉన్నది. పిల్లలు ఉద్యోగరీత్యా హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉంటారు. ఊళ్లో తల్లి గాని తండ్రి గాని ఒకటి రెండు గేదెలను పెట్టుకొని, పూటకు రెండు మూడు లీటర్లు కేంద్రంలో పోస్తూ కాలం గడుపుతారు. అటువంటి పెద్దవారి చేతిలో ఆపదకు అక్కరకు వచ్చే ఫోను ఒకటి ఉండవలెననే మాటను ఎవరూ కాదనరు. అయితే అందులో ఏ ప్లాను వేయించాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్న సంగతి చాలమంది దుకాణదారునికే వదిలివేస్తున్నారు. ఆ లెక్క సభ్యులు స్వయంగా వేసుకొనేందుకు వీలుగా ఈ పాఠం వ్రాస్తున్నాము.

ఈ మధ్య మేము తనిఖీకి వెళ్లిన ఒక సంఘంలో, డెబ్బై దాటిన సభ్యురాలు ఒకరు సాయంత్రం పాలు పితకబోయి కొట్టంలో జారి పడ్డారు. ఫోను రొండిననే ఉన్నది, చార్జింగు కూడా ఉన్నది. కుమారునికి చేస్తే పోలేదు. కుమారుడు రాత్రి చేసినా ఇటు మోగలేదు. చూడగా రీచార్జి గడువు తీరి చాలా రోజులైనది. 112 అనే నంబరు ఆమెకు ఎవరూ చెప్పియుండలేదు. మరునాటి ఉదయం పాలు రాలేదని సెక్రటరీ మనిషిని పంపిన తరువాత గాని సంగతి బయటపడలేదు. తుంటి ఎముక విరిగినది. ఆ కుటుంబం ఫోనుకు డబ్బు పెట్టింది, సిమ్ముకు పెట్టింది. గడువు తేదీని మాత్రం ఎవరూ చూడలేదు.

గడువు ఎందుకంత ముఖ్యమో కొంచెం వెనుకకు వెళ్లి చెప్పవలెను. 2003లో మన దేశంలో వచ్చే కాల్సుకు చార్జీ ఎత్తివేశారు. 2005–06లో ‘లైఫ్‌టైం’ సిమ్ములు వచ్చినవి. ఒకసారి డబ్బు కడితే ఎప్పటికీ ఫోను మోగుతుందని పెద్దవారు అప్పుడు నేర్చుకొన్నారు, నేటికీ అలాగే అనుకొంటున్నారు. కాని 2018 చివరి నుండి కంపెనీలు కనీస రీచార్జి పద్ధతి తెచ్చినవి. గడువు తీరితే ముందు పోయే కాల్సు, కొద్ది రోజులకు వచ్చే కాల్సు కూడా ఆగిపోతవి. బ్యాలెన్సు 20 రూపాయలు ఉంటే నంబరు రద్దు కాదని 2013 నాటి నిబంధన ఒకటి కలదు. అది నంబరు పోకుండా కాపాడేది మాత్రమే. ఫోను మోగుతుందన్న హామీ అందులో లేదు.

“నాకెందుకురా ఫోను, నేనెవరికి చేస్తాను?” అని మన తల్లులు అంటారు. వారు చేయరు, నిజమే. నెలకు పది నిమిషాలైనా మాట్లాడరు. అందుచేత వారి ఫోనుకు మనం కొనేది నిమిషాలను కాదు, ఇంటర్నెట్టును కాదు, రోజులను. రోజుకు ఎంత పడుతున్నదన్నదే చూడవలెను. దాణా కొనేటప్పుడు బస్తా ధర చూచి సంతోషపడము గదా, బస్తాలో ఎన్ని కిలోలున్నవో అడిగి కిలో ధర కడతాము. ఇదీ అంతే.

ఒక ఉదాహరణ. 2024 జూలైలో ధరలు పెరిగిన తరువాత ఎయిర్‌టెల్ వారి సాధారణ కనీస ప్లాను 28 రోజులకు 199 రూపాయలు. అంటే రోజుకు 7 రూపాయల 11 పైసలు. 28 రోజులను నెల అనుకొంటే పొరపాటు, ఏడాదికి 12 రీచార్జులు చాలవు, 13 కావాలి. మొత్తం 2,587 రూపాయలు. ఇందులో ఇంటర్నెట్టు కూడా కలిపి ఇస్తారు, మీటల ఫోను వాడే అవ్వకు దానితో పనిలేదు. ఇటువంటి వారి కోసమే 2024 డిసెంబరులో ట్రాయ్ సంస్థ ఒక నిబంధన చేసింది. మాటలకు, ఎస్సెమ్మెస్సులకు మాత్రమే పనికివచ్చే ప్లానును కంపెనీలు విడిగా ఇచ్చి తీరవలెను. ఇటువంటి ప్రత్యేక ప్లాన్ల గడువు పరిమితిని కూడా 90 రోజుల నుండి 365 రోజులకు పెంచింది. ఆ ప్రకారం 2025 జనవరిలో అదే కంపెనీ 84 రోజులకు 469 రూపాయలు, 365 రోజులకు 1,849 రూపాయల ప్లాన్లు పెట్టినది. మొదటిది రోజుకు 5 రూపాయల 58 పైసలు, రెండవది 5 రూపాయల 7 పైసలు. 28 రోజుల లెక్కతో పోల్చితే ఏడాది ప్లానులో 738 రూపాయలు మిగులుతవి. మిగతా ప్రైవేటు కంపెనీలు కూడా అప్పుడు ఇంచుమించు ఇవే ధరలకు పెట్టినవి. ఈ ధరలు ఆనాటివి. డబ్బు కట్టే ముందు నేటి ధర అడిగి, రోజులతో భాగించి చూచుకొనండి. దుకాణాలలో తమంతట తాము ఈ ప్లాను చూపేవారు తక్కువ. “మాటల ప్లాను, నెట్టు లేనిది” అని పేరు పెట్టి అడగవలెను.

మిగిలే డబ్బు కంటె మాకు పెద్దదిగా తోచే లాభం మరొకటి. 28 రోజుల ప్లానులో ఏడాదికి పదమూడు తేదీలు గుర్తుపెట్టుకోవాలి, ఏడాది ప్లానులో ఒక్కటే. గడువు దగ్గర పడినదని కంపెనీ ఎస్సెమ్మెస్ పంపుతుంది గాని, దానిని చదివేదెవరు? ఆ తేదీని పాల పాస్‌బుక్కు అట్ట లోపల పెద్ద అక్షరాలతో వ్రాయించి, ఊరిలో లేని కుమారుడో, కుమార్తెయో తమ ఫోనులో కూడా పెట్టుకొనవలెను.

ఏడాది డబ్బు ఒకేసారి కట్టేముందు సిగ్నలు పరీక్ష తప్పనిసరి. కంపెనీ మారితే మిగిలిన రోజులు పోతవి, డబ్బు వెనుకకు రాదు. కాబట్టి మొదట చిన్న రీచార్జి చేయించి ఒక వారం చూడండి. వీధి అరుగు మీద పలికితే చాలదు. మంచం దగ్గర, పశువుల కొట్టంలో, చేలో మోటారు దగ్గర మాట్లాడి చూడాలి. పెద్దలు పడేది అక్కడే. బి.ఎస్.ఎన్.ఎల్. వారు 2024 జూలైలో ధరలు పెంచలేదు, 2025 సెప్టెంబరులో స్వదేశీ 4జి కూడా ప్రారంభించారు. మీ ఊళ్లో టవరు బాగుంటే అదీ అడగదగినదే. కొట్టంలో పలకని చవుక ప్లాను మాత్రం దండుగ.

ఫోనుకు, ప్లానుకు పొత్తు కుదరాలి. జియోకు 2జి లేదు, పాత మీటల ఫోనులో ఆ సిమ్ము పనిచేయదు. 2023 జూలైలో వారు 999 రూపాయలకు జియోభారత్ అనే 4జి మీటల ఫోను తెచ్చి, దానికి 28 రోజులకు 123 రూపాయల ప్లాను పెట్టినారు. రోజుకు 4 రూపాయల 39 పైసలే. అయితే ఆ ధర ఆ ఫోనులోనే చెల్లుతుంది. ఆ సిమ్మును తీసి మనుమని పాత ఫోనులో వేద్దామంటే కుదరదు.

2017 నుండి మన దేశంలో అమ్మే ప్రతి మొబైలులో అత్యవసర మీట ఉండవలెనని కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టినది. మీటల ఫోనులో 5 గాని 9 గాని నొక్కి పట్టుకొంటే 112కు పోతుంది. ఏ మీటయో కొన్న రోజుననే చూచి, దాని మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టండి. కళ్లజోడు లేకున్నా కనబడుతుంది. 108 అంబులెన్సు సంగతి అందరికీ తెలిసినదే. పశువుల అంబులెన్సుకు 1962, పెద్దల సహాయానికి 14567. ఈ నంబర్లతో పాటు ఇరుగుపొరుగు వారిది, పాల కేంద్రం సెక్రటరీది కూడా ఫోనులో ఎక్కించవలెను. దూరాన ఉన్న కుమారుని కంటె పక్కింటివారే ముందు వస్తారు. ఎవరైనా ఫోను చేసి ఓటీపీ అడిగినా, పోలీసులమని బెదిరించినా పెట్టేయమని పెద్దలకు చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కు చేయాలి.

కొన్ని సంఘాలలో సెక్రటరీలు మంచి మనసుతో సంఘం నగదు నుండి సభ్యుల ఫోన్లకు రీచార్జి చేసి, తరువాత పాల బిల్లులో పట్టుకొంటున్నారు. ఉద్దేశం మంచిదే గాని, తీర్మానం లేకుండా చేస్తే తనిఖీలో మేము అభ్యంతరం వ్రాయక తప్పదు. పాలకవర్గం తీర్మానం చేయవలెను, సభ్యుడు తన బిల్లులో కోతకు వ్రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వవలెను, రసీదు అంటించవలెను. బిల్లుకు కొంత చొప్పున నాలుగైదు బిల్లులలో కోత పెట్టుకొంటే ఏడాది ప్లాను కూడా భారం కాదు.

సిమ్ము ఎవరి పేర ఉన్నదో కూడా విచారించండి. చాలమంది వితంతువుల వద్ద చనిపోయిన భర్త పేర ఉన్న సిమ్మే ఇంకా నడుస్తున్నది. అది పోతే నకలు సిమ్ము ఆమెకు తేలికగా ఇవ్వరు. బ్యాంకు ఖాతాకు కూడా అదే నంబరైతే పాల డబ్బు, పింఛను సమాచారం రెండూ ఆగుతవి. కంపెనీ కార్యాలయానికి ఆమె ఆధారు, భర్త మరణ ధ్రువపత్రం తీసుకొని వెళ్లి పేరు మార్పించిన తరువాతనే ఏడాది ప్లాను వేయించవలెను.