అంగడి రుచి - ఇంటి పొయ్యి

గుంటూరు, ప్రకాశము, పల్నాడు జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తియు మిరపయు ముఖ్యమైన పంటలు. ఆ నేలల నడుమ, గుంటూరునుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గము మీద, కొండ ప్రక్కగా నున్న పట్టణము వినుకొండ. ఇది పూర్వము గుంటూరు జిల్లాలో నుండి, 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. ఇటువంటి తెలుగు పట్టణములలో సాయంకాలమగుసరికి వీథిమొగలందు బజ్జీల మూకుడు పొయ్యి కెక్కును. శనగపిండి వేగెడి వాసన, బడి విడిచి ఇంటికి పోవు పిల్లల కాళ్లను కట్టివేయును.

ఆ బజ్జీని తిన్నవారికి ఒక కోరిక పుట్టుట సహజము. దీనిని ఇంటిలో చేయలేమా? అంగడివాని నడుగక, తన నాలుకనే గురువుగా నమ్మి, తిన్న పదార్థమును తిరిగి సృష్టించుట నేడు అనేకులకు సరదాయైన పందెము. అమెరికాలోని తెలుగువారు బజ్జీమిరప దొరకనిచోట హలపేన్యో అను అచటి మిరపకాయతో ఈ పందెమున కాయత్తపడుదురు. పైకి చిన్న ఆటవలె తోచును గాని, ఇందు చరిత్రయు రసాయనశాస్త్రమును కలిసియున్నవి.

ఈ పందెమునకు తగిన పాత విందొకటి తెలుగు సాహిత్యములోనే కలదు. దానికిని వినుకొండ పేరు తగిలి యుండుట విశేషము. వినుకొండ యింటిపేరుగా గల వల్లభరాయని పేర ‘క్రీడాభిరామము’ అను కావ్యము వెలసినది. అది శ్రీనాథుని రచనయే యని వాదించిన పండితులును కలరు. సుమారు ఆఱువందల యేండ్లనాటి ఆ కావ్యములో మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రు లిద్దఱు ఓరుగల్లు నగరమున ఒక దినమంతయు తిరుగుదురు. మధ్యాహ్నమున ఆకలి కాగా వారికి పూటకూటి యిల్లు గుర్తునకు వచ్చును. అచట లభించు పదార్థములను కవి ఒక పద్యములో వరుసగా చెప్పెను: కప్పురభోగి బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, క్రొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఇంతటి భోజనమునకు వెల ఒక్క రూక. వెలతో సహా చెప్పినాడు గనుక, దీనిని తెలుగులో నిలిచియున్న పాత హోటలు పట్టిక యనవచ్చును.

ఈ భోజనమును నేడు ఇంటిలో వండదలచినవారికి సగము పని సులభము. కప్పురభోగికి బదులు సువాసనగల సన్నబియ్యము తీసికొనవచ్చును. పెసరపప్పు, నేయి, పెరుగు ఎప్పటివే. చిక్కంతయు నంజుళ్లకడ వచ్చును. పల్నాటివంట చేయి తిరిగినవారు తెలియకయే పోపులో ఎండుమిరపకాయ విఱిచి వేయుదురు. వేసిన మరుక్షణమున ఆ విందు చెడినట్లే! వల్లభరాయని కాలమున ఓరుగల్లులో మిరపకాయ లేదు. తెలుగుదేశమున మఱెచ్చటను లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు ఆ ఖండపు దీవులను చేరిన పిమ్మటనే అది సముద్రము దాటెను. 1498లో వాస్కోడగామా కాలికట్టునకు వచ్చిన తరువాత పోర్చుగీసు వర్తకులు 16వ శతాబ్దమున దానిని మన దేశమునకు తెచ్చిరి. అంతకు పూర్వము కారమనగా మిరియము, అల్లము. ‘మిరియపు కాయ’ యన్న మాటయే ‘మిరపకాయ’ యైనదని చెప్పుదురు. వచ్చిన అతిథికి ఇంటి పాతవాని పేరే పెట్టుకొన్నారన్న మాట. ఆలుగడ్డ, టమాట కూడ ఆ ఖండమునుండి వచ్చినవే గనుక అవియు ఆ పూటకూటి వంటకు పనికిరావు. వంకాయ, చింతపండు, మిరియపుపొడి, జీలకఱ్ఱ, ఇంగువలతో నంజుళ్లు పూర్తిచేయవలెను.

అంతకంటె పాతదియైన వంటను కోరువారికి ‘మానసోల్లాసము’ ఉన్నది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున సంస్కృతములో రచించిన ఈ గ్రంథములో ‘ఇడ్డరిక’ యను వంటకము గలదు. పేరు ఇడ్లీకి దగ్గఱగా నున్నను అందు బియ్యము లేదు, మినుములతోనే చేయుదురు.

అంగడి వంటకమును అంగడివద్దకు పోయి తినలేనివాడు మాత్రము దానినెట్లు పునఃసృష్టించును? ఈ ప్రశ్న ఊహాజనితము కాదు. 20వ శతాబ్దపు తొలి దశకములలో మద్రాసు రాజధానిలోని అనేక హోటళ్లలో బ్రాహ్మణులకు వేఱు భోజనశాల లుండెడివి. అస్పృశ్యులుగా చూడబడినవారికి గడప దాటు హక్కే లేకుండెను. ‘గబ్బిలము’ వ్రాసిన మహాకవి గుఱ్ఱం జాషువ 1895లో ఈ వినుకొండలోనే, అట్టి అవమానములకు గుఱియైన కులమున జన్మించెను. ఆ తరమున అట్టివారికి హోటలు వంట దూరమునుండి వచ్చు వాసన మాత్రమే. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగపు 15వ అధికరణము, కులమును కారణముగా చూపి యెవ్వరిని దుకాణములలోనికి, భోజనశాలలలోనికి రాకుండ అడ్డగింపరాదని శాసించినది. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. అడ్డగించినవారిని శిక్షించు చట్టము 1955లో వచ్చెను. నలుగురు ఒక బల్లకడ కూర్చుండి తిను సుఖము హోటలు వంటలో ఒక దినుసు. దానిని ఇంటిలో ఎంత నేర్పుతోనైనను వండలేరు.

ఇక బజ్జీ. దీనిని ఇంటిలో చేయువారి తొలి పొరపాటు కాయకడనే జరుగును. గుంటూరు మిరప మార్కెట్టులో ఎఱ్ఱని గుట్టలుగా కనబడు సన్నములు భౌగోళిక గుర్తింపు పొందిన ప్రసిద్ధమైన రకము. అవి ఎండబెట్టి పొడి కొట్టుటకు తగినవి, బజ్జీకి తగవు. బజ్జీకి లేత ఆకుపచ్చగా, పొడవుగా, దళసరి కండతో, తక్కువ కారముతో నుండు కాయ కావలెను. మిరపసీమలో బజ్జీకాయను వేఱుగా వెదకుకొనవలసి వచ్చుట కొంత విడ్డూరమే.

కారమునకు మూలమైన కాప్సైసిన్ గింజలలో నున్నదని చాలమంది తలంతురు. అది ప్రధానముగా గింజలను పట్టియుండు తెల్లని ఈనెలో నుండును. కావున కాయను నిలువున చీల్చి ఆ ఈనెను గీకివేసిన కారము తగ్గును. కారమును కొలుచు తొలి పద్ధతిని 1912లో అమెరికా దేశపు ఔషధశాస్త్రజ్ఞుడు స్కోవిల్ కనిపెట్టెను. మిరప సారమును పంచదార నీటిలో పలుచబఱచుచు, నాలుకకు కారము తెలియకుండ పోవువఱకు ఎంత నీరు పట్టునో లెక్కించుటయే ఆ పద్ధతి. ఆయనకును నాలుకయే పరికరము. కాప్సైసిన్ నీటిలో సులభముగా కరుగదు గనుక, నోరు మండినపుడు మంచినీళ్లకంటె మజ్జిగ మేలు.

చీల్చిన కాయలో వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపిన ముద్దను పూయుదురు. శనగపిండిని కాయకు అంటునంత చిక్కగా కలిపి, కొంచెము బియ్యపుపిండి చేర్చినచో పెళుసుదనము వచ్చును. చిటికెడు వంటసోడా వేడికి బొగ్గుపులుసు వాయువును విడిచి పిండిని గుల్లచేయును. ఎక్కువైనచో రుచి చెడి, నూనె పీల్చును.

ఇన్నియు సరిగా కుదిరినను ఇంటి బజ్జీ మెత్తబడి నూనె కారుచుండును. కారణము మూకుడు. అంగడివాని పెద్ద మూకుడులో చాల నూనె యుండును. పది కాయలు వేసినను దాని వేడి అంతగా తగ్గదు. ఇంటి చిన్న మూకుడులో నాలుగు కాయలకే నూనె చల్లబడును. నూనె 170 నుండి 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నున్నపుడు పిండిలోని నీరు ఆవిరియై బుడగలుగా వెలికి తోసికొని వచ్చును. ఆ ఆవిరియే నూనెను లోనికి రానీయక కాపాడును. నూనె చల్లబడిన ఆవిరి బలము తగ్గును. పైకి తీసిన తరువాత లోని ఆవిరి చల్లారి నీరగునపుడు పైనంటిన నూనె లోనికి లాగబడును. అందుచే తీసిన వెంటనే చిల్లుల గంటెతో వడకట్టవలెను. ఉష్ణమాపకము లేనివారు పిండిచుక్క వేసి చూతురు. చుక్క అడుగుననే నిలిచిన వేడి చాలదు. వెంటనే పైకి తేలిన సరిపోయినది. తేలీతేలకయే నల్లబడిన మంట తగ్గింపవలెను. ఇంటిలో ఒక్కొక్కసారి రెండు కాయలకు మించి వేయకున్న సగము గెలుపు. ఇది పెద్దలు ప్రక్కన నుండగా మాత్రమే చేయవలసిన పని. నూనె అంటుకొన్నచో దానిపై నీరు పోయరాదు. మంట ఆర్పి మూత పెట్టవలెను.

కొందఱు అంగడివాండ్రు బజ్జీలను ముందుగా సగము వేయించి యుంచుకొని, అడిగినవారికి ముక్కలుగా కోసి మరల వేయింతురు. కోసినచోట క్రొత్త అంచు లేర్పడి కరకరలాడును. తిన్నవారు పిండిలో ఏదో రహస్యమున్నదని వెదకుదురు గాని, రహస్యము కత్తిలో నున్నది.

వస్తువు దొరకనప్పుడు హోటలువారే తమ వంటను తాము పునఃసృష్టించుట యు కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బియ్యము కొఱవడగా బెంగుళూరులోని మావళ్లి టిఫిన్ రూమ్స్‌వారు గోధుమరవ్వతో ఇడ్లీ వేసి చూచి, రవ్వ ఇడ్లీని కనిపెట్టిరని చెప్పుదురు. నకలుగా పుట్టినది నేడు అసలు వంటకమై నిలిచినది.

బజ్జీ విషయములో మఱియొక చిక్కు మిగిలియున్నది. కాయలోని తడి వేగిన పిదపను ఆవిరియై పైపొరను లోపలినుండి మెత్తబఱచును. అంగడికడ కాయ మూకుడునుండి నేరుగా కాగితములోనికి, కాగితమునుండి చేతిలోనికి వచ్చును. ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండునంతటి ఆలస్యమే. ఇంటిలో అన్నియు వేగువఱకు ఆగి, పళ్లెములలో సర్ది, అందఱిని పిలుచుసరికి మొదటి వాయి చల్లారును. కనుక తినువారు తమ పళ్లెములతో పొయ్యికి కొంచెము ఎడముగా ముందే వచ్చి నిలువవలెను.