ఒక గిన్నె పులుసు
(చదువవలసిన భాగములు: ఆదికాండము 25:29-34, 2 రాజులు 4:38-44)



సూపు అనునది మన పల్లెలలో వాడుక మాట కాదు. మనకు చారు కలదు, పప్పుపులుసు కలదు, జబ్బుపడినవారికి గంజి, వేసవిలో అంబలి కలవు. పూర్వము మద్రాసులోని దొరలు అరవవారి ‘మిళగు తణ్ణీర్’, అనగా మిరియాల చారును తీసికొని, అందులో మాంసము వేయించి, ‘మల్లిగటాని’ సూపు అని పేరు పెట్టుకొనిరి. పేరు ఏదైనను, గుప్పెడు పదార్థమును నీళ్లతో ఉడికించి పదిమందికి పోయవచ్చును. అందుచేతనే బీదవాని యింటను కరవు కాలమందును దీని మాట ఎక్కువగా వినబడును.

ఏశావు తన జ్యేష్ఠత్వమును అమ్ముకొన్నది ఇట్టి వంటకమునకే. మన తెలుగు బైబిలులో చిక్కుడుకాయలని యున్నది గాని, హెబ్రీ మాటకు అర్థము మనము మైసూరు పప్పు అనునదే. సమాధి యొద్దనుండి తిరిగి వచ్చిన దుఃఖితులకు మొదటి భోజనముగా గ్రుడ్లనుగాని ఈ పప్పునుగాని పెట్టు ఆచారము యూదులలో నేటికిని కలదు. వారి పెద్దలు చెప్పిన కారణము వినుడి. ఇతర గింజలకు నోటివంటి చీలిక యుండును, దీనికి లేదు. దుఃఖించువానికిని నోట మాట రాదు. ఇది చక్రమువలె గుండ్రనిది. దుఃఖమును అట్లే ఇంటింటికి దొర్లుచు వచ్చును. అబ్రాహాము చనిపోయిన దినమున యాకోబు తన తండ్రి కొరకు దీనిని వండుచుండెనని వారి తాల్మూదులో ఒక పారంపర్యము కలదు.

ఇది లేఖనము కాదు. అయినను దీనిని మనస్సున నుంచుకొని చదివినప్పుడు నాకు ఏశావుకంటె యాకోబు మీదనే ఎక్కువ కోపము వచ్చును. తాత చనిపోయిన యింట, తండ్రికై వండిన పప్పును, అన్న ఆకలి చూచి వెలకట్టి అమ్మెను! కొన్నవాని తిండిపోతుతనమును గూర్చి ఎన్నో ప్రసంగములు విన్నాము. గరిటె పట్టుకొన్నవానిని గూర్చి ఎన్ని విన్నాము?

హైతీ దేశములో బానిసలు గుమ్మడికాయ సూపు వండి దొరలకు వడ్డించిరి గాని, వారికి దానిని తిను హక్కు లేకుండెనని అక్కడివారు చెప్పుదురు. 1804 జనవరి 1న స్వతంత్రులైరి. నాటినుండి ప్రతి నూతన సంవత్సర దినమున ఇంటింట ఆ సూపే.

ఐర్లాండు సంగతి మనకు మరి దగ్గరిది. 1845లో బంగాళాదుంప పైరు తెగులు సోకి కుళ్లిపోగా గొప్ప కరవు వచ్చెను. 1847లో ప్రభుత్వము సూపు కేంద్రములు తెరిపింపగా, జూలై నాటికి దినమునకు సుమారు 30 లక్షలమంది వానివలన బ్రదుకుచుండిరి. ఆ యేడే, కరవు తీరకమునుపే, వానిని మూసివేసిరి. అయితే అక్కడ మన ప్రొటెస్టెంటులలో కొందరు తమ బోధ వినుటకు వచ్చి, తమ బడిలో పిల్లలను చేర్చిన కథోలికులకే సూపు పోసిరి. అట్లు చేసినవారు కొందరే. అయినను ‘సూపు త్రాగినవాడు’ అను మాట తరతరములు తిట్టుగా నిలిచి, తినినవారి బిడ్డలనుకూడ వెంటాడెను. క్వేకరులు మాత్రము ఎవరి మతము నడుగక పెట్టిరి; అక్కడి ప్రజలు వారిని నేటికిని గౌరవముతో తలంచుకొందురు.

‘బియ్యము కొరకు కలిసినవారు’ అను మాట మన తాతలును పడిరి గదా! 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి యిప్పించిరి. బాప్తిస్మము అడిగినవారు అనేకులు. కరవు పని సాగినంతకాలము ఆయన ఇయ్యలేదు. ఆ సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము తరచుగా చెప్పుకొందుము. దానికి ముందు ఆయన ఆగిన నెలలను గూర్చి చెప్పుకొనుట తక్కువ.

గృహ కూటములలో ఆలోచించుటకు:

గిల్గాలులో కరవు వచ్చినపుడు పెద్ద కుండ పొయ్యిమీద ఎక్కించుమని చెప్పిన ఎలీషా, తినుటకు కూర్చున్నవారిని ముందుగా ఏమైన అడిగెనా?

కోతపండుగ భోజనమునకు ఊరిలోని ఇతరులు వచ్చినపుడు, ఆరాధనలో కూర్చున్నవారికే విస్తరి వేయుదుమనుట మన సంఘములలో అక్కడక్కడ కలదు. ఈ సంవత్సరము మీ సంఘములో ఏమి చేయుదురు?