షుగరు వంశంలో ఉండొచ్చు, తలరాతలో లేదు



షుగరు మాట వస్తే మన ఇళ్లలో ఎక్కువగా వినపడే జవాబు ఒకటుంది. "మా నాయనకు ఉంది, మా మేనత్తకు ఉంది, నాకూ రాక తప్పదు. రాసిపెట్టి ఉంటే ఎవరు ఆపుతారు?" అంటారు. తలరాతను, పూర్వజన్మ పాపాన్ని వదిలిపెట్టి ధమ్మంలోకి వచ్చినవాళ్లం మనం. కులం రాతే అంటే ఒప్పుకోలేదు. మరి ఒంటి విషయంలో ఎందుకు ఒప్పుకోవాలి? ఈ పాఠం ఆ ప్రశ్న గురించే.

1. రోగానికి కారణాలు ఉంటాయి

సంయుత్త నికాయంలో సీవక సుత్తం ఉంది. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు భగవానుడి దగ్గరికి వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ గతంలో చేసిన కర్మ వల్లే అని కొందరు చెబుతున్నారు, మీరేమంటారు అని అడుగుతాడు. బుద్ధుడు ఆ మాటను ఒప్పుకోడు. పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువులు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, దెబ్బ తగలడం లాంటి వేరువేరు కారణాల వల్ల బాధలు పుడతాయని, అన్నీ గతకర్మే అనేవాళ్లు హద్దు దాటి మాట్లాడుతున్నారని చెబుతాడు.

కారణాలు ఉన్నాయంటే వాటిలో మన చేతిలో ఉన్నవాటిని మార్చుకోవచ్చు. ధమ్మం నేర్పేది ఇదే.

2. వంశం ఇచ్చేది విత్తనం మాత్రమే

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. ఆ చక్కెరను కండలు, కాలేయం వాడుకోవడానికి ఇన్సులిన్ కావాలి. టైప్ 2 షుగరులో ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం తగ్గుతుంది. దాన్ని తయారుచేసే క్లోమం కొన్నేళ్లు ఎక్కువ పనిచేసి అలసిపోతుంది. చక్కెర రక్తంలోనే మిగిలిపోతుంది.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ షుగరు ఉంటే పిల్లలకు ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. ఇద్దరికీ ఉంటే ఇంకా ఎక్కువ. ఇది నిజమే, దాచుకోవాల్సిన పనిలేదు. కానీ విత్తనం ఒక్కటే ఉంటే మొక్క రాదు. నేల, నీరు, ఎండ కూడా కావాలి. నడుము చుట్టూ కొవ్వు, కదలిక లేని రోజు, తీపి, నిద్రలేమి, పొగ, మందు ఆ విత్తనానికి నీళ్లు పోస్తాయి.

(చిన్న పిల్లలకు వచ్చే టైప్ 1 షుగరు వేరు. అది తిండి వల్ల వచ్చేది కాదు. ఆ పిల్లల్ని గానీ, తల్లిని గానీ తప్పుపట్టకండి. వాళ్లకు ఇన్సులిన్ తప్పనిసరి.)

3. పని మారింది, కంచం మారలేదు

వంశం నుంచి రక్తం ఒక్కటే రాదు, వంటగది కూడా వస్తుంది. మన తాతలు, నాయనమ్మలు పొద్దుగూకేదాకా పొలంలో వంగి పనిచేశారు. కంచం నిండా అన్నం తిన్నా అది చెమటగా పోయేది. ఈరోజు వాళ్ల మనవలు చదువుకుని ఆఫీసుల్లో కూర్చుంటున్నారు, ఆటో నడుపుతున్నారు, షాపులో కౌంటరు దగ్గర ఉంటున్నారు. ఇది మనం పోరాడి సాధించుకున్న మార్పు. కానీ కంచంలో అన్నం కుప్ప మాత్రం తాతగారిదే. పైగా రోజుకు నాలుగు టీలు, బిస్కెట్లు, కూల్ డ్రింకులు చేరాయి. ఒకప్పుడు ఆకలితో ఉన్నాం కాబట్టి కడుపు నిండా పెట్టడమే ప్రేమ అనుకున్నాం. ఇప్పుడు ఆ ప్రేమను కొంచెం మార్చి చూపించాలి.

4. మార్చుకుంటే ఫలితం ఉందా?

ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే అధ్యయనం చేసి 2006లో ఫలితాలు ప్రకటించింది. షుగరు ముందు దశలో ఉన్నవాళ్లను సుమారు మూడేళ్లు గమనించారు. మామూలు సలహాతో సరిపెట్టినవాళ్లలో 100కి 55 మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 100కి 39 మందికే వచ్చింది. అందరికీ ఆగలేదు, కాని చాలామందికి ఆగింది. వాళ్లు చేసిందల్లా రోజూ అరగంట చురుగ్గా నడవడం, అన్నం, తీపి, నూనె తగ్గించడం, పీచు ఉన్నవి పెంచడం.

5. మితం తెలిసి తినడం

దోణపాక సుత్తంలో కోసల రాజు పసేనది కథ ఉంది. ఆయన ప్రతిపూటా కుంచమంత అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చేవాడు. మితం తెలిసి, ఎరుకతో తినేవాడికి బాధలు తగ్గుతాయని బుద్ధుడు ఒక గాథ చెప్పాడు. రాజు సుదస్సనుడనే యువకుడిని ఆ గాథ నేర్చుకోమని, తాను భోంచేసేటప్పుడల్లా వినిపించమని చెప్పి, రోజూ వంద కహాపణాలు ఇచ్చేవాడు. మెల్లమెల్లగా తిండి తగ్గింది, ఒళ్లు తేలికైంది.

గమనించండి. రాజు ఒక్కరోజులో మారలేదు, ఒంటరిగానూ మారలేదు. పక్కన గుర్తుచేసే మనిషిని పెట్టుకున్నాడు. మన ఇంట్లో ఆ సుదస్సనుడు ఎవరు? భార్యా, కొడుకా, కోడలా? పేరు పెట్టుకోండి.

6. ఇంట్లో చేయాల్సినవి

• కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు, చేప లేదా మాంసం. మిగిలిన పావు వంతే అన్నం గానీ రొట్టె గానీ.
• జొన్న, సజ్జ, కొర్ర మంచివే. కానీ వాటిలోనూ పిండిపదార్థం ఉంది. రాగి జావ గిన్నెలకొద్దీ తాగితే షుగరు పెరుగుతుంది.
• టీలో చక్కెర వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. బెల్లం, తేనె వేసినా చక్కెర కిందే లెక్క.
• తిన్న వెంటనే పడుకోవద్దు. పది నిమిషాలు నడవండి. వారానికి మొత్తం 150 నిమిషాలైనా చురుకైన నడక ఉండాలి.
• పంచశీలలో ఐదోది మందు తాగొద్దంటుంది. ఒంటికి కూడా ఆ శీలం కాపలా.
• ఇంట్లో ఆడవాళ్లు అందరూ తిన్నాక మిగిలిన అన్నంతో సరిపెట్టుకోవడం మానాలి. కూర వాళ్లకీ మిగలాలి, నడకకు వాళ్లకీ తీరిక దొరకాలి. సమత వంటగది నుంచే మొదలవ్వాలి.

7. పరీక్ష చేయించుకోండి

వంశంలో షుగరు ఉంటే ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికోసారి చూపించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పల్లె దవాఖానలో, బస్తీ దవాఖానలో 30 ఏళ్లు దాటినవాళ్లకు ఉచితంగా చూస్తారు. ఆశా కార్యకర్తను అడగండి. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు ముందు దశ, జాగ్రత్త పడాల్సిన సమయం ఇదే. 126, ఆపైన ఉంటే మరోసారి పరీక్షించి షుగరు అని తేలుస్తారు. నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చి పోయిన అక్కచెల్లెళ్లు ఈ పరీక్షను అసలు మరవకూడదు.

ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు ఈ పాఠం చదివి వాటిని ఆపేయవద్దు. ఏ మార్పయినా డాక్టరుతో చెప్పే చేయండి.

8. బాబాసాహెబ్ ఒళ్లు, మన ఒళ్లు

బాబాసాహెబ్ చివరి సంవత్సరాల్లో మధుమేహంతో చాలా బాధపడ్డారు. డాక్టరైన సవితా అంబేడ్కర్ ఆయన ఆహారం, మందులు చూసుకున్నారు. అంత బాధలోనూ ఆయన 'బుద్ధుడు–ఆయన ధమ్మం' రాశారు, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకుని లక్షలమందికి ఇచ్చారు. రెండు నెలలైనా తిరక్కముందే, డిసెంబర్ 6న వెళ్లిపోయారు. ఆయన ఇంకో పదేళ్లు ఉండి ఉంటే అని తలచుకోని వాళ్లు మనలో లేరు. మన ఇంటి పెద్దల గురించి మన పిల్లలు ఆ మాట అనుకునే పరిస్థితి రానివ్వకూడదు.

వచ్చే ఏప్రిల్ 14న విహారంలో లడ్డూ, కూల్ డ్రింకు బదులు పండ్లు, మజ్జిగ పెడదాం. ఒక మూల టేపు, షుగరు మిషను పెట్టి, దగ్గరి ఆరోగ్య కేంద్రం నర్సమ్మను పిలుద్దాం.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంట్లో మూడు తరాల్లో ఎవరెవరికి షుగరు ఉంది? కాగితం మీద రాయండి.
2. వంశం నుంచి వచ్చిన అలవాట్లలో ఈ నెల మార్చగలిగినది ఏది?
3. మీ ఇంటి సుదస్సనుడు ఎవరు?

నమో బుద్ధాయ. జై భీమ్.