నాలుగు గోడల మధ్య పెద్ద రైఫిల్ వద్దు

చిరంజీవి కార్తీక్‌ను ఆశీర్వదించి మామయ్య రాయునది.

వచ్చే నెల నీ పుట్టినరోజుకు స్నేహితులతో కలిసి డాలస్‌లో ఇండోర్ షూటింగ్ రేంజ్‌కు వెళ్తున్నావనీ, అక్కడ ఫిఫ్టీ క్యాలిబర్ రైఫిల్ అద్దెకిచ్చి కాల్పిస్తారని సంబరపడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఫోనులో తొందర తొందరగా తేల్చే మాట కాదు గనుక ఉత్తరం రాస్తున్నాను. కాస్త నిదానంగా చదువు.

తుపాకీ ముట్టుకోవద్దని నేననను. సైన్యంలో పనిచేసినవాణ్ణి, రైఫిల్ అంటే నాకు గౌరవం. కానీ మా యూనిట్‌లో ఏ రైఫిలైనా ఆరుబయటే కాల్చాం, ఎదురుగా ఎత్తయిన మట్టికట్ట పెట్టుకుని. పెద్ద రైఫిల్‌కు ఆకాశం కావాలి. గదిలో కాలిస్తే తూటా దారి తప్పుతుందేమోనన్న భయం ఒక్కటే కాదు. కంటికి కనబడని ప్రమాదాలు మూడున్నాయి: చప్పుడు, గాలి ఒత్తిడి, సీసం.

ముందు ఆ తూటా ఎంతటిదో తెలుసుకో. కొత్తవాళ్లు నేర్చుకునే .22 రైఫిల్ తూటాలో ఉండే మందు గ్రాములో పదోవంతు. మేం వాడిన 7.62 రైఫిల్‌లో దాదాపు 3 గ్రాములు. ఫిఫ్టీలో సుమారు 15 గ్రాములు. గొట్టం దాటేటప్పుడు .22 తూటాకు ఉండే శక్తి 150 జౌళ్లకు అటూ ఇటూ, 7.62కు 3,300కు పైన, ఫిఫ్టీకి 15,000 దాటుతుంది. మొదటి ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో జాన్ బ్రౌనింగ్ పెద్ద మెషిన్‌గన్ కోసం తయారైన తూటా అది. 1980లలో రోనీ బారెట్ దాన్ని ఒక్క మనిషి కాల్చగల రైఫిల్‌లోకి తెచ్చాడు. మనిషి మోయగలిగినంత మాత్రాన దాని బలం తగ్గలేదు.

ఇక చప్పుడు సంగతి. పేలుడు శబ్దం 140 డెసిబెళ్లు దాటకూడదని అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ హద్దు పెట్టింది. పెద్ద రైఫిళ్లు 155 నుంచి 170 దాకా పోతాయి. డెసిబెళ్లను మామూలు కూడికలాగా చూడకు. 10 పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. వీధిలో పేల్చే లక్ష్మీబాంబును తలుపులు మూసిన గదిలో పేలిస్తే ఎలా ఉంటుందో ఊహించు. బయట ఒక్కసారి తగిలి పోయే దెబ్బ, లోపల గోడకూ కప్పుకూ నేలకూ కొట్టుకుని మళ్లీ మళ్లీ చెవి మీదికి వస్తుంది. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని వాటి పైన మఫ్‌లు కూడా వేసుకుంటే సరిపోతుందంటావేమో. రెండూ తప్పకుండా పెట్టుకోవాల్సిందే. అయితే రెండోది కలిపే రక్షణ మరో 5 డెసిబెళ్లకు అటూ ఇటూ మాత్రమే. చెవి ఎంత బిగించి మూసినా పుర్రె ఎముక గుండా చప్పుడు లోపలికి పోతూనే ఉంటుంది. లోపలి చెవిలో వినికిడినిచ్చే రోమకణాలు ఒకసారి చస్తే మళ్లీ రావు. అమెరికా మాజీ సైనికులకు వైకల్య పరిహారం అన్నిటికన్నా ఎక్కువమందికి అందుతున్నది చెవిలో ఆగని హోరుకే. నాతో పనిచేసినవాళ్లలో ఇప్పటికీ ఆ హోరు వల్ల రాత్రి నిద్రపట్టనివాళ్లున్నారు.

రెండోది ఒత్తిడి. ఫిఫ్టీ రైఫిల్ గొట్టం చివర మజిల్ బ్రేక్ అని ఒకటి ఉంటుంది. భుజాన్ని తన్నే బలం తగ్గించడానికి అది వేడి వాయువులను పక్కలకూ వెనక్కూ మళ్లిస్తుంది. కాబట్టి కాల్చేవాడికి కలిగిన సుఖం పక్కన నిలబడ్డవాడి గుండె మీద, ముఖం మీద దెబ్బగా పడుతుంది. ఇండోర్ రేంజ్‌లో లేన్ల మధ్య అడ్డుగోడలు ఆ దెబ్బను తిప్పికొడతాయి. 2024 ఆగస్టులో అమెరికా రక్షణశాఖ సైనికుల మెదడును పేలుడు ఒత్తిడి నుంచి కాపాడటానికి నిబంధనలు తెచ్చింది. చదరపు అంగుళానికి 4 పౌండ్లను హద్దుగా పెట్టి, జాగ్రత్తపడాల్సిన ఆయుధాలలో ఫిఫ్టీ క్యాలిబర్‌నూ చేర్చింది. ఒక్క తూటాతో మెదడు చెడిపోతుందని నేననను. వృత్తి సైనికుల విషయంలోనే అంత జాగ్రత్త పడుతున్నప్పుడు, సరదాకు వెళ్లే మీరు మూసిన గదిలో ఆ దెబ్బ తినడం దేనికి?

మూడోది సీసం. చాలా తూటాల లోపలి ముద్ద సీసం. మందును వెలిగించే ప్రైమర్‌లోనూ చాలావాటిలో సీసపు రసాయనమే ఉంటుంది. పేలినప్పుడు అది కంటికి కనపడని పొడిగా గాలిలో తేలుతుంది. మంచి రేంజ్‌లో గాలి కాల్చేవాళ్ల వెనకనుంచి టార్గెట్ వైపు, నిమిషానికి దాదాపు 75 అడుగుల వేగంతో ఏకధారగా పోవాలి. ఎక్కువ మందు కాలే కొద్దీ ఆ ఏర్పాటు మీద భారం పెరుగుతుంది. రక్తంలో చేరిన సీసం ఒక నెలలో సగమైనా, ఎముకల్లో చేరింది ఏళ్ల తరబడి ఉంటుంది. నువ్వుండేది అక్క ఇంట్లో. నీ చొక్కా మీది పొడి నేల మీదికి, అక్కడినుంచి అక్క వాళ్ల పాకే పిల్ల చేతికి, చేతినుంచి నోటికి పోతుంది. పిల్లల శరీరంలో ఇంత సీసం ఉంటే ఫరవాలేదు అనే మాటే లేదు.

తూటాను ఆపే ట్రాప్ గురించి కూడా విను. రేంజ్ చివర ఉండే ఉక్కుపలకలకు గానీ రబ్బరు ముక్కల దిబ్బకు గానీ ఇంత వేగం, ఇంత శక్తి వరకే అనే పరిమితి ఉంటుంది. దాన్ని దాటితే పలక దెబ్బతింటుంది, తునకలు వెనక్కి రావచ్చు. చాలా ఇండోర్ రేంజ్‌లు ఫిఫ్టీని రానివ్వకపోవడానికి, ఉక్కు ఉన్న తూటాలను అయస్కాంతం పెట్టి వెతికి పక్కన పెట్టడానికి కారణం అదే. ఉక్కు రేపే నిప్పురవ్వ నేలమీద పేరుకున్న కాలని మందును అంటుకుంటే మంటలు లేస్తాయి.

ఇంకో ముఖ్యమైన మాట. నీకు గ్రీన్‌కార్డు ఉంది. నీతో వస్తున్న ఇద్దరూ ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద ఉన్నారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటి వీసాదారులు చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తమ దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నదీ ఆ లెక్కలోకి వస్తుంది. ఒక సాయంత్రపు సరదా వాళ్ల చదువుకు ముప్పు తేకూడదు. ముందు లాయరును అడగమని చెప్పు.

వెళ్లాలనే ఉంటే .22 రైఫిల్ తీసుకో. ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో ఈనాడు అంతకన్నా పెద్దది లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. గురి నేర్పేది ఊపిరి మీద అదుపు, తూటా పరిమాణం కాదు. ఇయర్‌ప్లగ్స్, మఫ్‌లు రెండూ, కళ్లద్దాలూ పెట్టుకో. పక్క లేన్‌లో ఎవరైనా పెద్ద రైఫిల్ తీస్తే మొహమాటపడకుండా బయటికి నడువు. రేంజ్‌లో ఏమీ తినొద్దు, తాగొద్దు. బయటికొచ్చాక చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కో. బట్టలు, బూట్లు మార్చుకోకుండా పిల్లను ఎత్తుకోవద్దు.

ఫిఫ్టీ కాల్చాలన్న కోరిక తీరకపోతే, అనుమతి ఉన్న ఆరుబయటి రేంజ్‌లో, అనుభవమున్న శిక్షకుడి దగ్గర, చుట్టుపక్కల మనుషులు దూరంగా ఉన్నప్పుడు కాల్చు. నాలుగు గోడల మధ్య మాత్రం వద్దు నాయనా. వెళ్లే ముందు ఈ ఉత్తరం నీ స్నేహితులకు కూడా చదివి వినిపించు.

ఇట్లు,
నీ మేలు కోరే మామయ్య