స్కోప్ మారింది, టోకెన్ మారలేదు

ప్రశ్న: పైథాన్‌లో గూగుల్ డ్రైవ్ లైబ్రరీతో ఫైళ్ల జాబితా వస్తోంది. అప్‌లోడ్ చేయబోతే 403 ఎర్రర్. కోడ్‌లో స్కోప్ మార్చినా అంతే. ఎందుకు?

జవాబు: చిక్కు కోడ్ పక్కనే ఉన్న టోకెన్.జేసన్ ఫైల్లో ఉంది. మొదటి లాగిన్‌లో వాడుకరి ‘చదవడానికి మాత్రమే’ ఒప్పుకున్నారు. ఆ ఒప్పుదలతో వచ్చిన టోకెన్‌నే ప్రోగ్రామ్ ప్రతిసారీ తీసి వాడుతోంది. గడువు తీరితే దాన్ని రిఫ్రెష్ చేస్తుందే కానీ కొత్త హక్కులు అడగదు. స్కోపులు మారిస్తే ఆ ఫైల్ తొలగించమని గూగుల్ నమూనా కోడ్‌లోనే చిన్న కామెంట్ ఉంది. తొందరలో చాలామంది దాన్ని చూడరు. తొలగించి మళ్లీ నడిపితే బ్రౌజర్‌లో అనుమతి పేజీ తెరుచుకుంటుంది.

విసుగొచ్చి మొత్తం ‘డ్రైవ్’ స్కోప్ పెట్టేయడం మాత్రం వద్దు. గోడలకు సున్నం వేయడానికి వచ్చిన మనిషికి బీరువా తాళాలు ఇవ్వడం అది. అప్‌లోడ్‌కు ‘డ్రైవ్.ఫైల్’ చాలు. యాప్ సృష్టించినవి, వాడుకరి ఆ యాప్‌తో తెరిచినవి తప్ప మిగతా ఫైళ్లు దానికి కనిపించవు. పాత జాబితా అంతా కూడా కావాలంటే దానితో పాటు ‘డ్రైవ్.రీడ్‌ఓన్లీ’ని కూడా ఉంచాలి.

ఇంకొకటి. అడిగినన్ని స్కోపులూ దక్కాలని లేదు. 2012 నాటి ఓఆథ్ 2.0 ప్రమాణం ప్రకారమే సర్వర్ తక్కువ ఇవ్వవచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందు, నిజంగా వచ్చిన స్కోపులేవో కోడ్‌లో సరిచూడాలి.