వాక్స్వాతంత్ర్యము – వేదికల యజమానులు

విద్యార్థులారా! మన భివండీలో సాంచా నడుపువాడొకడు, దాని యజమాని మరియొకడు. ఏ నూలు ఎక్కించవలెను, ఏ గుడ్డ దింపవలెను, సాంచా ఎప్పుడు ఆపవలెను అను నిర్ణయము యజమానిదే. నేడు మనము చేతిఫోనులో వ్రాయు మాటలకును ఇట్టి యజమానులు గలరు. వారి అధికారమెట్టిదో తెలిసికొనుటయే ఈ పాఠము ఉద్దేశము.

ధనవంతుడు మాటకు వేదిక కల్పించుట క్రొత్త కాదు; అది ఎల్లప్పుడును కీడు కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము స్థాపించి ధనము గడించిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిరి. 1914లో అది మద్రాసున దినపత్రిక యైనది. అందు ఏది అచ్చు కావలెనో నిర్ణయించు అధికారము వారికుండెను. కాని ముద్రించినవారి పేరును, ప్రకటించినవారి పేరును పత్రికపై ఉండవలెనని 1867 నాటి చట్టము నిర్బంధించెను. తప్పు వ్రాసినచో ఎవరిని అడుగవలెనో పాఠకునికి తెలిసియుండెడిది.

సామాజిక మాధ్యమముల తీరు వేరు. అందు వ్రాయువారు కోట్లకొలది సామాన్యులు. ఏ మాట ఉంచవలెను, ఏది తొలగించవలెను, ఏది పదిమంది కంటబడవలెను అని శాసించువారు కొందరే. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడును మెటా అను ఒక్క సంస్థవి. ట్విట్టర్ సంస్థ 2021 జనవరిలో అమెరికా అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ ఖాతాను శాశ్వతముగా మూసివేసెను. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ఆ సంస్థను సుమారు 4,400 కోట్ల డాలర్లకు కొనెను. నవంబరులో ఆయన ఖాతాదారులచే ఓట్లు వేయించి, ట్రంప్ ఖాతాను తిరిగి తెరిపించెను. ఈ రెండు నిర్ణయములలో ఏది మంచిదను విచారణ ఇచ్చట అనవసరము. ఓట్లు వేయించుటయు మానుటయు యజమాని ఇష్టమే యను సంగతిని గమనింపవలెను.

మన రాజ్యాంగములోని 19వ అధికరణము పౌరులకు వాక్స్వాతంత్ర్యము నిచ్చుచున్నది. 2012లో, నాడు మన ఠాణే జిల్లాలోనే యుండిన పాల్ఘర్‌లో, ఫేస్‌బుక్ వ్రాతను గూర్చి ఇద్దరు యువతులను అరెస్టు చేసిరి. 2015లో సుప్రీంకోర్టు అట్టి అరెస్టులకు ఆధారమైన 66-ఎ సెక్షనును కొట్టివేసెను. అయితే ఈ రక్షణ ముఖ్యముగా ప్రభుత్వమునుండియే. వేదిక యజమాని మన వ్రాతను తొలగించినచో, 2021 నియమముల ప్రకారము ఆ సంస్థలోని ఫిర్యాదుల అధికారికి మొరపెట్టుకొనవచ్చును. అచ్చట న్యాయము దొరకనిచో కేంద్రప్రభుత్వము నియమించిన అప్పీలు సంఘమునకు పోవచ్చును.

అట్లయిన, ఎవరి మాటనైనను అడ్డగింపరాదా? ఆ మాట భివండీవారు అనలేరు. 1970, 1984 సంవత్సరముల మతకలహములలో ఈ ఊరు ఎంత నష్టపడినదో పెద్దలెరుగుదురు. 1988లో పోలీసు అధికారి సురేశ్ ఖోపడేగారు ఇచ్చట మొహల్లా సంఘములు ఏర్పరచిరి. హిందువులును ముస్లిములును పోలీసులతో కలిసి కూర్చుండి, తగవులు ముదరకముందే మాట్లాడుకొనసాగిరి. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలలలో బొంబాయి మండుచుండగా భివండీ శాంతముగా నుండెను.

ఇచ్చట మాటను అదుపులో ఉంచినవారు ఊరివారు, ఊరి భాషలెరిగినవారు, మరునాడు అదే వీధిలో నడువవలసినవారు. దూరదేశపు యజమానికి ఈ ఎరుకయు లేదు, ఈ జవాబుదారియు లేదు. హిందీ, బెంగాలీ భాషలలోని ద్వేషపు వ్రాతలను పట్టు సాధనములు సైతము ఫేస్‌బుక్‌కు చాలినంత లేకుండెనని 2021లో బయటపడిన ఆ సంస్థ పత్రములు తెలుపుచున్నవి. ఇక పరరాష్ట్రమున నున్న మన తెలుగు మాటను ఎవరు సరిగా చదివి తీర్పు చెప్పుదురు?

కావున ఫోనులో వచ్చిన వార్తను ఇతరులకు పంపుటకు ముందు, వ్రాసినవారెవరో విచారింపవలెను. మన మాట ఒక్క యజమాని వాకిట మాత్రమే నిలువరాదు. పాఠశాల పత్రిక, గ్రంథాలయము, వీధి సభ — ఇవి చిన్నవైనను మనవి. వీని నియమములను మనమే చేసికొనగలము.

అభ్యాసము

1. పత్రిక యజమానికిని సామాజిక మాధ్యమ యజమానికిని గల భేదమేమి?
2. మొహల్లా సంఘముల వలన భివండీకి కలిగిన మేలును మీ యింటి పెద్దలనడిగి వ్రాయుడు.
3. మన పాఠశాల పత్రికలో ఏ వ్రాతను నిరాకరింపవచ్చును? ఆ నిర్ణయము ఎవరు చేయవలెను?